ఊరికి వచ్చిన మార్కుల్లో వాడకు వచ్చినవెన్ని?

ఐక్యరాజ్యసమితి లక్ష్యాలతో ఒక దళితవాడను కొలవడం ఎలా

పంచాయతీలకు ఇప్పుడు మార్కులు వేస్తున్నారు. 2022-23 సంవత్సరానికి సంబంధించి దేశంలోని 2.16 లక్షల గ్రామ పంచాయతీలకు నూటికి ఇన్ని అని స్కోరు కట్టి, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. దాని పేరు పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్. 90 దాటితే అచీవర్, 75 దాటితే ఫ్రంట్ రన్నర్, 60 దాటితే పెర్ఫార్మర్, 40 దాటితే ఆస్పిరెంట్, అంతకంటే తక్కువైతే బిగినర్. దేశం మొత్తంలో అచీవర్ పంచాయతీ ఒక్కటీ లేదు. ఫ్రంట్ రన్నర్లు 699. అందులో గుజరాత్‌వి 346 కాగా, 270 పంచాయతీలతో తెలంగాణ రెండో స్థానంలో ఉంది.

మేము దళితవాడల మీద పరిశోధన చేస్తున్నాం. ఈ జాబితా చూసిన ప్రతిసారీ మాకు ఒకటే సందేహం. ఊరికి 76 మార్కులు వస్తే, చెరువు కట్ట కింద ఉన్న వాడకు ఎన్ని వచ్చినట్టు? వాడకు 50 వచ్చి, ఊరికి 85 వచ్చినా సగటు 76 దగ్గరే తేలవచ్చు. రెండు చోట్లా 76 వచ్చినా సగటు అదే. పట్టికలో ఈ రెండు ఊళ్లూ పక్కపక్కనే, ఒకే రంగులో కనిపిస్తాయి.

ఈ తేడా బయటపడాలంటే వాడను విడిగా కొలవాలి. దానికి కావలసిన కొలబద్ద ఇప్పటికే ఉంది. అదెక్కడిది, అందులో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు, మన వాడకు తగ్గట్టు దాన్ని ఎలా మార్చుకోవాలన్నదే ఈ వ్యాసం.

కొలబద్ద ఎక్కడిది?

2015 సెప్టెంబర్ 25న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించింది. లక్ష్యాలు 17, వాటి కింద ఉపలక్ష్యాలు 169. వాటిని కొలవడానికి 2020 సమీక్ష తర్వాత 231 సూచికలు మిగిలాయి. గడువు 2030. అంతకుముందు 2000 నుంచి 2015 వరకు నడిచిన సహస్రాబ్ది లక్ష్యాలు ఎనిమిదే. వాటి మీద వచ్చిన పెద్ద విమర్శ సగటుల గురించే. దేశం సగటు మెరుగుపడితే లక్ష్యం నెరవేరినట్టు లెక్క కట్టారు. అడుగున ఉన్నవాళ్లు కదలకపోయినా ఆ లెక్కకు లోటు రాలేదు. అందుకే 2015లో ‘ఎవరినీ వెనక వదలకూడదు’ అన్న మాట చేర్చారు.

మాట మంచిదే. కానీ ఆ 17 లక్ష్యాల్లో, 169 ఉపలక్ష్యాల్లో ఎక్కడా కులం అన్న పదం లేదు. అసమానతల మీద ఉన్న 10.2 ఉపలక్ష్యంలో వయసు, లింగం, వైకల్యం, జాతి, పుట్టుక, మతం, ఆర్థిక స్థితి వరుసగా ఉంటాయి, చివర ‘ఇతర స్థితి’ అని ఉంటుంది. డేటాను వర్గాలవారీగా విడదీసి ఇవ్వాలని చెప్పే 17.18లోనూ అంతే, ‘ఆయా దేశాల సందర్భానికి తగిన ఇతర లక్షణాలు’ అని వదిలేశారు. మనం దూరాల్సిన సందు ఆ ‘ఇతర’లోనే ఉంది. సందు చిన్నదే అయినా దాని వెనక బలం ఉంది. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని పర్యవేక్షించే ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లో ఇచ్చిన 29వ సాధారణ సిఫార్సులో, పుట్టుక ఆధారంగా సాగే వివక్షలోకి కులవివక్ష కూడా వస్తుందని స్పష్టంగా చెప్పింది. మైనారిటీ హక్కుల ప్రత్యేక ప్రతినిధి 2016లో మానవ హక్కుల మండలికి ఇచ్చిన నివేదిక మొత్తం కులం, కులం లాంటి వ్యవస్థల మీదే. కాబట్టి ‘లక్ష్యాల్లో కులం లేదు కదా’ అని ఏ అధికారైనా అంటే ఈ రెండూ చూపించవచ్చు.

మన దేశంలో ఈ కొలబద్దను నీతి ఆయోగ్ పట్టుకుంది. 2018 నుంచి రాష్ట్రాలకు మార్కులు వేస్తోంది. మొదటిసారి దేశానికి 57 వచ్చాయి. 2023-24 నివేదికలో అవి 71 అయ్యాయి. రాష్ట్రం తర్వాత జిల్లా, జిల్లా తర్వాత పంచాయతీ. కొలత కిందికి దిగుతూ వచ్చి సరిగ్గా ఊరి బొడ్రాయి దగ్గర ఆగిపోయింది.

గ్రామాన్ని ఒకే ముద్దగా చూడటం కొత్తేమీ కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేడ్కర్ ఈ విషయం మీదే మాట్లాడారు. ముసాయిదా గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. రాజ్యాంగంలో గెలిచిన ఆ వాదన గణాంకాల్లో ఇంకా గెలవలేదు. జనగణనలో గ్రామ డైరెక్టరీ అని ఒక పట్టిక ఉంటుంది. బడి ఉందా, ఆస్పత్రి ఉందా, కుళాయి నీళ్లు ఉన్నాయా అని ఊరికి ఒక వరుస. ఉంటే ఉందని, లేకపోతే ఎంత దూరమో 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, ఆ పైన అని రాస్తారు. ఊళ్లో బడి ఉండి, వాడ పిల్లలు రోడ్డు దాటి కిలోమీటరున్నర నడిచి వెళ్తుంటే పట్టికలో దానికి చోటు లేదు. బడి ‘ఉంది’. అక్కడితో సరి.

విడదీస్తే ఏం కనిపిస్తుంది?

విడదీసి లెక్కించిన చోటల్లా తేడా బయటపడింది. 2021 ప్రపంచ బహుముఖ పేదరిక నివేదిక మొదటిసారి జాతులవారీగా, కులాలవారీగా లెక్కలు ఇచ్చింది. దాని ప్రకారం మన దేశంలో బహుముఖ పేదలు ఆరుగురిలో ఐదుగురు దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల కుటుంబాలవాళ్లు. షెడ్యూల్డ్ కులాల్లో 33.3 శాతం మంది ఆ పేదరికంలో ఉన్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు దేశంలో 35.5 శాతం. ఎస్సీ పిల్లల్లో 39.2 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కుటుంబాల పిల్లల్లో 30 శాతం కూడా లేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక వచ్చినప్పుడు దళిత స్త్రీలు అగ్రకుల స్త్రీలకంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నారని అన్ని పత్రికలూ రాశాయి. మన సభల్లో ఈ అంకె ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. ఆ నివేదికలో ఉన్నది చనిపోయినవాళ్ల సగటు వయసు. అది ఆయుర్దాయం కాదు. ఒక సమూహంలో పిల్లలు, యువకులు ఎక్కువగా ఉంటే చనిపోయేవాళ్లలోనూ చిన్నవాళ్ల వాటా పెరుగుతుంది, సగటు పడిపోతుంది. తేడా నిజమే, అన్యాయమూ నిజమే. కానీ ఈ అంకెను ఆయుర్దాయం అని చెబితే ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో మన వాదన మొత్తం కొట్టేస్తాడు. మన వైపు అంకెలు ఇంకొంచెం గట్టిగా ఉండాలని మేము అనుకుంటాం.

చిన్న వాడ, పెద్ద శాతాలు

వాడ స్థాయికి వచ్చేసరికి మొదట ఎదురయ్యే ఇబ్బంది లెక్కల ఇబ్బందే. నలభై ఇళ్ల వాడలో ఒక్క ఇల్లంటే రెండున్నర శాతం. ఒక కుటుంబం హైదరాబాద్ వలస వెళ్తే ‘పేదరికం’ రెండున్నర శాతం దాకా తగ్గినట్టో పెరిగినట్టో కనిపించవచ్చు. అందుకని చిన్న వాడలో శాతాలు రాయకూడదు. నలభైలో పదకొండు ఇళ్లు అని విడిగా రాయాలి. సగటు ఆదాయం అసలు కట్టకూడదు. వాడలో ఒక్క ప్రభుత్వోద్యోగి ఉంటే ఆ సగటు ఎవరి సంగతీ చెప్పదు.

కొన్ని సూచికలు వాడలో లెక్క కట్టడానికే కుదరవు. ప్రసూతి మరణాలను లక్ష జననాలకు 70 లోపుకు తగ్గించాలన్నది 3.1 ఉపలక్ష్యం. ఏడాదికి నాలుగైదు కాన్పులు అయ్యే వాడలో ఆ నిష్పత్తికి అర్థం లేదు. అంకె కుదరదని విషయాన్ని వదిలేయనక్కర్లేదు. గత అయిదేళ్లలో అయిన ప్రతి కాన్పు గురించీ అడగవచ్చు. ఎక్కడ అయింది, 108 బండి వాడ లోపలికి వచ్చిందా, రోడ్డు మీదే ఆగిందా, ఏఎన్ఎం గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చి చూసిందా, చేతి నుంచి ఎంత ఖర్చయింది? 2001-02లో 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో సర్వే చేసి, 2006లో పుస్తకంగా వచ్చిన ‘గ్రామీణ భారతంలో అంటరానితనం’ అధ్యయనంలో మూడో వంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి వెళ్లడం లేదని తేలింది. ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు ఎలా ఉందో మళ్లీ అడగాలి.

17 లక్ష్యాలూ తలకెత్తుకోవడం కూడా అనవసరం. సముద్ర జీవుల గురించిన 14వ లక్ష్యం సముద్రపు ఒడ్డున ఉన్న పేటలకు తప్ప మిగతా వాడలకు పట్టదు. కరెంటు (7) చాలాచోట్ల వచ్చింది, మీటరు ఎవరి పేరు మీద ఉందో రాసుకుంటే సరిపోతుంది. మా అనుభవంలో వాడ సంగతి చెప్పేవి నీళ్లు, భూమి, బడి, పని, వివక్ష.

నీళ్లు: ‘ఉందా’ అని కాదు అడగాల్సింది

ఒక వాడలో ఫారం నింపుతూ మేము ఒకావిడను ఇంట్లో కుళాయి ఉందా అని అడిగాం. ఉందంది. టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లబోతుంటే, ‘కుళాయి ఉంది గానీ నాయనా, నీళ్లు మా దాకా వస్తే గదా’ అంది. ట్యాంకు ఊరి మధ్యలో ఉంది. పైపు ఊరంతా తిరిగి వాడ చివర ముగుస్తుంది. వాల్వు తిప్పే మనిషి ఊరి పెద్దల మాట వింటాడు. పైన అందరూ మోటార్లు పెట్టి లాగేశాక, కింద వాడ కుళాయిలో సన్నటి ధార. వేసవిలో అదీ ఉండదు. మా ఫారంలో ఆ ఇల్లు ‘నీటి సౌకర్యం ఉన్న ఇల్లు’ అయిపోయింది. మేము ఆ రోజు రాత్రి ఫారం చింపి కొత్తది రాసుకున్నాం.

ఐక్యరాజ్యసమితి సూచిక (6.1.1) నిజానికి మా పాత ఫారం కంటే మెరుగ్గానే ఉంది. సురక్షిత నీటి సరఫరా అనాలంటే నీళ్లు ఇంటి ఆవరణలోనే ఉండాలి, కావాల్సినప్పుడు రావాలి, కలుషితం కాకూడదు. మూడూ ఉండాలి. బయటి నుంచి మోసుకొచ్చే నీళ్లయితే వెళ్లిరావడానికి, వరుసలో నిలబడటానికి కలిపి 30 నిమిషాలు మించకూడదు. జల్ జీవన్ మిషన్ 2019 నుంచి మనిషికి రోజుకు 55 లీటర్లు అంటోంది. తెలంగాణలో మిషన్ భగీరథ గ్రామాలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. కాబట్టి బిందెలు లెక్కపెడితే చాలు. పదిహేను లీటర్ల బిందె అయితే, అయిదుగురున్న ఇంటికి 55 లీటర్ల చొప్పున పద్దెనిమిది బిందెలకు పైగా రావాలి. ఈ లెక్క వాడలో ఎవరికైనా అర్థమవుతుంది, వాళ్లే రాసుకోగలరు.

మేము ఇప్పుడు అడిగే ప్రశ్నలు ఇవి. ట్యాంకు ఎక్కడుంది? వాల్వు ఎవరి చేతిలో ఉంది? మొదట ఏ వీధికి వదులుతారు? మన కుళాయికి ఎన్ని గంటలకు వస్తాయి, ఎంతసేపు వస్తాయి? మేలో ఎన్ని రోజులు రాలేదు? రాని రోజు ఎక్కడికి వెళ్లారు, అక్కడ చేదుకోనిచ్చారా, ఎవరో పోస్తే పట్టుకోవాల్సి వచ్చిందా? పైన చెప్పిన 2006 అధ్యయనంలో 48 శాతం గ్రామాల్లో దళితులను ఏదో ఒక నీటి వనరు దగ్గరికి రానివ్వడం లేదని నమోదైంది. కుళాయిలు వచ్చాక ఆ గొడవ పోయిందనుకుంటాం. వాల్వు దగ్గర అది ఇంకో రూపంలో ఉండవచ్చు.

నీళ్లతోపాటే మరుగుదొడ్డి. 2019 అక్టోబర్ 2న గ్రామీణ భారతాన్ని బహిరంగ మలవిసర్జన రహితంగా ప్రకటించారు. మరుగుదొడ్లు కట్టారు, లెక్కపెట్టారు. ఆ గుంతలు నిండాక ఎత్తిపోసేది ఎవరన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో, 2013లో చట్టాలు వచ్చాయి. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం 30 లక్షలకు పెంచింది. ఊరి మరుగుదొడ్ల లెక్క 6వ లక్ష్యం కింద పడుతుంది. వాటిని శుభ్రం చేసే వాడ మనిషి ప్రాణం 8.8 కింద, సురక్షితమైన పని అన్న చోట పడుతుంది. ఒక పట్టికలో మార్కులు పెరుగుతుంటే ఇంకో పట్టికలో మనిషి పోతుంటాడు. రెండింటినీ ఒకే కాగితం మీద రాయాలి.

భూమి: కాగితం ఒకరిది, దున్నేది ఇంకొకరు

ఈ లక్ష్యాల్లో మన ఊళ్లకు బాగా సరిపోయే సూచిక 1.4.2 అని మా అభిప్రాయం. భూమి మీద హక్కుకు చట్టబద్ధమైన కాగితం ఉందా, ఆ హక్కు నిలుస్తుందన్న నమ్మకం ఆ మనిషికి ఉందా అని రెండూ విడిగా అడుగుతుంది. స్త్రీపురుషులవారీగానూ విడదీయమంటుంది. న్యూయార్క్‌లో కూర్చుని రాసినవాళ్లు మన డి-ఫారం పట్టా చూసి ఉండరు. చూసినట్టే రాశారు.

ఎందుకంటే వాడల్లో ఈ రెండూ కలవని సందర్భాలు ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం మీద ఆంక్షలు ఉన్నాయి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అలాంటి భూమిని వెనక్కి తీసుకుని ఇచ్చే అధికారం కూడా రెవెన్యూకు ఇచ్చింది. అయినా ఆపద వచ్చినప్పుడు తాకట్టు పెట్టిన ఎకరం తిరిగి రాదు. పట్టా పెట్టెలో ఉంటుంది, పొలంలో వేరే వాళ్ల పంట ఉంటుంది. పంచిన భూమి పేదల చేతిలో ఎందుకు నిలవడం లేదో చూడటానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోనేరు రంగారావు కమిటీని వేసింది. ఆ కమిటీ 2006లో వందకు పైగా సిఫార్సులు ఇచ్చింది.

అందుకని ‘భూమి ఉందా’ అన్న ప్రశ్నను మేము ముక్కలు చేశాం. కాగితం ఎవరి పేరు మీద ఉంది? ఆన్‌లైన్ రికార్డులో, ఆంధ్రలో అయితే అడంగల్, 1-బీలో, తెలంగాణలో అయితే భూభారతిలో అదే పేరు ఉందా? ఈ ఏడాది దున్నింది ఎవరు? రేపు ఎవరైనా వచ్చి ఖాళీ చేయమంటే ఎవరి దగ్గరికి వెళ్తారు? చివరి ప్రశ్నకు చాలామంది వెంటనే జవాబు చెప్పరు. ఆ మౌనాన్ని కూడా ఫారంలో రాయాలి. ఇంటి స్థలాలకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. తాత పేరు మీద ఇచ్చిన స్థలంలో నలుగురు మనుమల కుటుంబాలు ఉంటే నాలుగు ఇళ్లున్నట్టు కాదు.

బడి

నాలుగో లక్ష్యం కింద బడిలో చేరికల లెక్క అడుగుతారు. ప్రాథమిక పాఠశాలలో మన పిల్లలు చేరుతున్నారు, ఆ లెక్క బాగానే వస్తుంది. చూడాల్సింది పదో తరగతి తర్వాత. ఇంటర్‌లో చేరింది ఎందరు, మధ్యలో మానేసింది ఎందరు, డిగ్రీ అయ్యాక ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోయింది ఎందరికి? మేమూ స్కాలర్‌షిప్ డబ్బుల కోసం ఎదురుచూసిన వాళ్లమే కాబట్టి ఈ ప్రశ్న మరిచిపోలేం.

ఇంకొకటి మధ్యాహ్న భోజనం. వంట చేసేవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. మీ ఊరి బడిలో వండేది ఎవరు? వాడ మనిషే అయితే అందరి పిల్లలూ తింటున్నారా, కొందరు డబ్బాలు తెచ్చుకుంటున్నారా? బడికి వెళ్లి ఒక మధ్యాహ్నం కూర్చుంటే తెలిసిపోతుంది.

వివక్షను కొలవడం

గత 12 నెలల్లో మీకు స్వయంగా వివక్ష గానీ వేధింపు గానీ ఎదురైందా? ఇది ఐక్యరాజ్యసమితి సూచికే, నంబరు 10.3.1. మన గురించి నేరుగా అడిగే సూచిక ఇదొక్కటే అనవచ్చు. కానీ దీనితో ఒక చిక్కు ఉంది. గుడి మెట్లు ఎక్కకూడదని చిన్నప్పుడే నేర్చుకున్న మనిషి ఈ ఏడాది గుడికి వెళ్లనే లేదు, కాబట్టి ఎవరూ ఆపలేదు. ‘ఎదురుకాలేదు’ అని చెప్తాడు. అబద్ధం కాదు. గొడవ జరగని ఊరు మంచి ఊరని లెక్క తేలుతుంది. ఎక్కువ ప్రశ్నించే వాడలోనే ఎక్కువ వివక్ష ఉన్నట్టు కనిపిస్తుంది.

దీన్ని దాటడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, అనుభూతి గురించి కాకుండా ఆచారం గురించి అడగడం. గుజరాత్‌లో నవ్‌సర్జన్ సంస్థ 1,589 గ్రామాల్లో ఇలాగే చేసి 2010లో నివేదిక ఇచ్చింది. దళితేతరులు దళితుల పట్ల పాటించే 98 రకాల అంటరానితనం ఆచారాలను జాబితాగా రాసుకుని, ఒక్కోటీ ఆ ఊళ్లో ఉందా లేదా అని అడిగారు. మన వైపు జాబితా మనం రాసుకోవాలి. టీ కొట్టులో గ్లాసు, క్షౌరశాల, పెళ్లి ఊరేగింపు ఏ వీధి దాకా, అద్దెకు గది, బతుకమ్మ ఆడే చోటు, పంచాయతీ ఆఫీసులో కుర్చీ, పేరు పెట్టి పిలుస్తారా ‘ఒరేయ్’ అంటారా. రెండో దారి, పాటించేవాళ్లనే అడగడం. 2011-12 భారత మానవాభివృద్ధి సర్వేలో 42 వేల కుటుంబాలను అడిగితే 27 శాతం తమ ఇంట్లో అంటరానితనం పాటిస్తామని వాళ్లే ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ల సంగతి ఆ అంకెలో లేదు.

తెలుగు రాష్ట్రాల్లో మనకు ఇంకో కొలత కూడా ఉంది. జస్టిస్ పున్నయ్య కమిషన్ తర్వాత, నెలకొకసారి 30వ తేదీన గ్రామంలో పౌరహక్కుల దినం జరపాలని పెట్టారు. తహసీల్దార్, ఎస్సై వాడకు రావాలి. గత పన్నెండు నెలల్లో ఎన్నిసార్లు జరిగింది? రిజిస్టర్‌లో ఎన్నిసార్లు జరిగినట్టు ఉంది? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెడితే రెండో అంకె వస్తుంది. మొదటి అంకె వాడకు తెలుసు.

వాడ లోపల

వాడ కూడా ఒకే ముద్ద కాదు. మాలపల్లె వేరు, మాదిగపల్లె వేరు, వాటి అంచున డక్కలి గుడిసెలు వేరు. తెలంగాణ 2025లో తెచ్చిన వర్గీకరణ చట్టం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసింది. మొదటి గ్రూపులో 15 కులాలు, ఎస్సీ జనాభాలో 3.288 శాతం. వాళ్లకు ఒక శాతం రిజర్వేషన్. డక్కలివాళ్లు అందులోనే ఉన్నారు. ఊళ్లు తిరిగే ఇలాంటి కుటుంబాలకు కుల ధ్రువీకరణ పత్రమే మొదటి సూచిక. అది లేకపోతే గ్రూపు ఏదైనా ఒకటే. అందరికీ చట్టబద్ధ గుర్తింపు ఉండాలన్న 16.9 ఉపలక్ష్యం కింద ఐక్యరాజ్యసమితి అయిదేళ్లలోపు పిల్లల జనన నమోదు ఒక్కటే అడుగుతుంది. మేము జనన ధ్రువీకరణ, ఆధార్, కుల పత్రం మూడూ అడుగుతాం. మగవాళ్లను, ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడుగుతాం. కూలి రేటు ఎంత అన్న ప్రశ్నకే రెండు చోట్లా రెండు జవాబులు వస్తాయి.

లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

మా లాంటి పరిశోధకులు వస్తారు, రాసుకుంటారు, వెళ్తారు. కాగితాలు యూనివర్సిటీలో ఉంటాయి. అది సరికాదని మాకూ ఆలస్యంగానే తెలిసింది. వాడలో చదువుకున్న నలుగురు పిల్లలు చేసే సర్వేకి మా సర్వే కంటే విలువ తక్కువేం కాదు. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు పాకీ పని లేనే లేదని రాష్ట్రాలు అఫిడవిట్లు వేశాయి. ఆ పని చేసే కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వివరాలు, ఫొటోలు కోర్టు ముందుకు వెళ్లాయి. 2014 మార్చి 27 తీర్పు వచ్చేదాకా ఆ లెక్క ఆగలేదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గ్లాసు వేరుగా పెట్టే కొట్టు పేరు, భూమి దున్నుకుంటున్న ఆసామి పేరు రాసిన కాగితం ఎవరి చేతికి పోతుందో ముందే ఆలోచించాలి. జవాబు చెప్పిన ఇంటివాళ్లు రేపు అదే ఆసామి పొలంలో కూలికి వెళ్లాలి. ఇంటికి నంబరు వేసి, పేర్ల జాబితా విడిగా వాడవాళ్ల దగ్గరే ఉంచడం మేము పాటించే పద్ధతి. కేసు పెట్టదగ్గ విషయం తేలితే సర్వే ఆపి, ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లాలి.

ఈ లెక్కను పెట్టడానికి చోట్లు ఉన్నాయి. 2018 నుంచి ఏటా అక్టోబర్ 2న మొదలయ్యే ప్రచారంలో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభ పెడతారు. వాడ లెక్కను తీర్మానానికి జత చేయమని అడగవచ్చు. ఎస్సీ ఉప ప్రణాళిక నిధులకు ఆంధ్రలో 2013 చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. వాడకు పైపు వేయాలని అడిగేటప్పుడు బిందెల లెక్క పక్కన ఉంటే మాట బలంగా ఉంటుంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణనలో ఈసారి అన్ని కులాలనూ లెక్కిస్తారు. దానికి ముందు ఇళ్ల జాబితా దశలో నీళ్లు, మరుగుదొడ్డి, మురుగు కాలువ గురించి ప్రతి ఇంటినీ అడుగుతారు. నీళ్లు ఆవరణలో ఉన్నాయా, దగ్గర్లోనా, దూరంగానా అన్నప్పుడు, కుళాయి ఉండి నీళ్లు రాని ఇల్లు నిజంగా ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో అదే చెప్పాలి.

మేము ఫారం చింపి రాసుకున్న ఆ వాడలో, రెండోసారి వెళ్లినప్పుడు పెద్దలు మా ప్రశ్నలన్నీ విని, ఒకటి లేదన్నారు. శ్మశానం. స్థలం ఉంది, దారి లేదు. వానాకాలంలో శవాన్ని వరి మడుల గట్ల మీద మోసుకెళ్లాలి, పొలం వాళ్లు ఒప్పుకోవాలి. ఇది ఏ లక్ష్యం కింద వస్తుందని అడిగారు. 17 లక్ష్యాల్లో చావు తర్వాతి సంగతి ఎక్కడా లేదు. చర్చించి, నివాసాల గురించిన 11 కింద రాశాం. ఆ దారికి సర్వే నంబరు వెతికి హద్దులు పెట్టమని వాడ నుంచి ఒక దరఖాస్తు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లింది. దానికి జత చేసిన కాగితం మీద, నలభై ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టిన చోటికి పైన, 11 అని అంకె వేసి ఉంది.